వేడిలో నిలిచే ప్రెషర్ సెన్సార్: ఏ భాగానికి ఏ పదార్థం వాడాలి, ఎలా తేల్చుకోవాలి

వేడికి ప్రెషర్ సెన్సార్ పోయిందంటే చాలామంది చేసే పని ఒకటే. క్యాటలాగు తెరిచి, ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ రాసి ఉన్న మోడల్ తెప్పిస్తారు. కొన్నాళ్లకు అదీ పోతుంది. క్యాటలాగులో పెద్ద అక్షరాల్లో కనపడే అంకె మొనలో ఉన్న డయాఫ్రంకి, అంటే ఒత్తిడికి వంగే పల్చటి రేకుకి, మాత్రమే వర్తిస్తుంది. నిజానికి ముందు దెబ్బతినేది దాని వెనకున్న జిగురు, టంకం, నూనె, తీగ మీది తొడుగు, రెండు లోహాలు కలిసిన అతుకు. అందుకే సెన్సార్ మొత్తానికి కలిపి ఒక పదార్థాన్ని ఎంచుకోకండి. మొన నుంచి కేబుల్ దాకా ఒక్కో పొర దగ్గర ఎంత వేడి ఉంటుందో రాసుకుని, ఆ పొరకు తగిన పదార్థం పెట్టండి.

జీడిమెట్లలో ప్లాస్టిక్ ఎక్స్‌ట్రూడర్లు నడిపేవాళ్లకు, పటాన్‌చెరు ఫార్మా రియాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్లకు, బాలానగర్, చర్లపల్లిలో సెన్సార్ బాడీలు టర్నింగ్ చేయించి సొంతంగా కట్టుకునేవాళ్లకు, ప్రాజెక్టు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులకు పనికొచ్చేలా ఇక్కడ వరసగా ఇస్తున్నాం.

1. ముందు కాగితం మీద ఇవి రాయండి

కొలిచే ద్రవం లేదా వాయువు ఏమిటి, దాని ఉష్ణోగ్రత ఎంత. డయాఫ్రంకి తగిలే చోట ఎంత. ఎలక్ట్రానిక్స్ ఉండే చోట ఎంత. మామూలు పని ఒత్తిడి, ఎప్పుడైనా వచ్చే అత్యధిక ఒత్తిడి. ఒత్తిడి నిలకడగా ఉంటుందా, క్షణంలో వందలసార్లు మారుతుందా.

మూడో అంకె దగ్గరే ఎక్కువమంది పొరపాటు పడతారు. మామూలు ఎలక్ట్రానిక్స్‌కు 85 డిగ్రీలు హద్దు. మే నెలలో రేకుల షెడ్డు కింద, బారెల్ హీటర్ల పక్కన గాలే 50 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. అంటే మీ చేతిలో మిగిలింది 35 డిగ్రీలే. జనవరిలో కొలిచి ‘సరిపోతుంది’ అనుకుంటే ఎండాకాలంలో సున్నా జరగడం, అంటే ఒత్తిడి లేనప్పుడూ రీడింగ్ సున్నా నుంచి పక్కకు పోవడం, మొదలవుతుంది. కాబట్టి ఆ చోట ఒక థర్మోకపుల్ కట్టి, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య వచ్చే అంకెను రాసుకోండి.

2. సెన్సార్‌ను నిజంగా వేడిలోనే పెట్టాలా?

అక్కర్లేకపోతే పెట్టకండి. ఇంతకు మించి డబ్బు మిగిల్చే సలహా ఈ విషయంలో లేదు.

స్టీమ్ లైనుకు సైఫన్ గొట్టం చాలు. పది బార్ గేజి ఒత్తిడి దగ్గర సంతృప్త ఆవిరి 184 డిగ్రీలు ఉంటుంది. పంది తోకలా చుట్ట తిరిగిన గొట్టంలో నీళ్లు నిలిచి ఆ వేడిని ఆపేస్తాయి, సెన్సార్‌కు గోరువెచ్చని నీళ్లే తగులుతాయి. రాణిగంజ్ దుకాణాల్లో మైల్డ్ స్టీలువీ స్టెయిన్‌లెస్‌వీ రెండు రకాలూ దొరుకుతాయి, స్టెయిన్‌లెస్‌ది తీసుకోండి. వాల్వు తెరవకముందే సైఫన్‌ను నీళ్లతో నింపాలి. ఖాళీగా వదిలేస్తే మొదటి ఆవిరి నేరుగా సెన్సార్‌ను తాకుతుంది. ఎక్కువ సెన్సార్లు పోయేది ఆ మొదటి నిమిషంలోనే. సెన్సార్‌ను లైను కంటే కిందికి బిగిస్తే నీటి బరువును లెక్కలోంచి తీసేయాలి. ఒక మీటరు నీటికి 0.098 బార్.

గాలి, గ్యాస్ లైన్లకైతే అర మీటరు నుంచి మీటరు స్టెయిన్‌లెస్ ట్యూబు పెడితే వేడి చాలావరకు గది స్థాయికి దిగుతుంది. రెండు చోట్ల మాత్రం ఈ పద్ధతి నడవదు.

ఒకటి, వేగంగా మారే ఒత్తిడి. మూసిన గొట్టం తన సొంత పౌనఃపున్యంతో మోగుతుంది. ధ్వని వేగాన్ని గొట్టం పొడవుకు నాలుగు రెట్లతో భాగిస్తే ఆ పౌనఃపున్యం వస్తుంది. గది ఉష్ణోగ్రతలో గాలికి 343 మీటర్లు అనుకుంటే, ఒక మీటరు గొట్టం సుమారు 86 హెర్ట్జ్ దగ్గరే మోగుతుంది. ఇంజను దహనాన్నో, టర్బైన్ కంబస్టర్‌లో అదురునో కొలవాలనుకునే వారికి ఆ రీడింగ్ ఎందుకూ కొరగాదు. గొట్టాన్ని 5 సెంటీమీటర్లకు తగ్గిస్తే ఇది 1,700 హెర్ట్జ్ దాకా పెరుగుతుంది, కానీ అప్పుడు వేడి తగ్గదు.

రెండోది, చల్లారితే గడ్డకట్టే పదార్థాలు. కరిగిన ప్లాస్టిక్, తారు, గంధకం లాంటివి గొట్టంలో గట్టిపడి బిరడాలా కూర్చుంటాయి. వీటికి డయాఫ్రం ద్రవానికి నేరుగా తగిలేలా, గోడతో సమానంగా ఉండాల్సిందే.

నీటి జాకెట్ అడాప్టర్‌తో చల్లబరచాలనుకుంటే రెండు జాగ్రత్తలు. బోరు నీళ్లు తిప్పకండి. గట్టి నీటిలోని సున్నం ఆ సన్నటి దారుల్లో పేరుకుని చల్లబరచడం ఆగిపోతుంది, బయటికి మాత్రం నీళ్లు కారుతూనే కనిపిస్తాయి. ఇక కరెంటు పోతే పంపు ఆగుతుంది గానీ బారెల్ వేడి ఆగదు. పైన చిన్న ట్యాంకు పెట్టి, నీళ్లు వాటంతట అవే దిగేలా కనీసం అరగంటకు ఏర్పాటు చేయండి.

3. సెన్సింగ్ మూలకం: నిలకడ ఒత్తిడికి

మామూలు సిలికాన్ పీజోరెసిస్టివ్ చిప్, అంటే వంగితే విద్యుత్ నిరోధం మారే చిప్, 125 డిగ్రీల దాకా బాగా పనిచేస్తుంది. ఆపైన దాని రెసిస్టర్లను ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరుచేసే పీ-ఎన్ జంక్షన్ కారడం మొదలవుతుంది. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్, అంటే ఎలక్ట్రాన్ విడిపడి కరెంటు మోయడానికి కావలసిన శక్తి, 1.12 ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి వేడి పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు గుణకారాల్లో పెరుగుతుంది. 150 దాటాక ఆ చిప్ ఒత్తిడిని చెబుతోందో వేడిని చెబుతోందో విడదీయలేం.

ఆ జంక్షన్ బదులు రెసిస్టర్ల కింద ఆక్సైడ్ పొర పెట్టినదే ఎస్‌ఓఐ, అంటే సిలికాన్ ఆన్ ఇన్సులేటర్. ఇది 250 నుంచి 300 డిగ్రీల దాకా హాయిగా నడుస్తుంది. తీగలు అతికించే ప్యాడ్ల మీది లోహాన్ని మార్చితే ఇంకా పైకి తీసుకెళ్లొచ్చు. 600 డిగ్రీల దగ్గర మాత్రం సిలికాన్ డయాఫ్రమే ఒత్తిడికి మెత్తబడి శాశ్వతంగా వంగుతుంది. ఆ హద్దును ఏ ప్యాకేజింగూ దాటించలేదు. నీలమణి, అంటే సఫైర్, మీద పెంచిన సిలికాన్ సెన్సార్లు 350 డిగ్రీల దాకా పనికొస్తాయి. ఆధారమే ఇన్సులేటర్ కాబట్టి అందులో లీకేజీ బాధ లేదు.

అంతకు పైన సిలికాన్ కార్బైడ్. 4హెచ్ రకానికి బ్యాండ్‌గ్యాప్ 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. 4హెచ్ సిలికాన్ కార్బైడ్ పీజోరెసిస్టివ్ సెన్సార్లు 800 డిగ్రీల దగ్గర పనిచేయడాన్ని నాసా గ్లెన్ పరిశోధకులు చూపించారు. గేజ్ ఫ్యాక్టర్, అంటే సాగుదలకు నిరోధం ఎంత మారుతుందో చెప్పే అంకె, సిలికాన్ కంటే తక్కువ, వేడితో మొదట ఇంకా తగ్గుతుంది, కాబట్టి మంచి యాంప్లిఫయర్ ముందే చూసుకోండి. దీని అసలు సమస్య చిప్‌లో లేదు, దాని మీది లోహపు కాంటాక్టులో ఉంది. ఆక్సిజన్ లోపలికి పాకితే కాంటాక్టు నిరోధం పెరిగిపోతుంది. అందుకే అక్కడ టైటానియం, టాంటలం సిలిసైడ్, ప్లాటినం పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తారు. ఇలాంటి చిప్‌కు మామూలు అల్యూమినియం ప్యాడ్ వేస్తే అంత ఖరీదైన పదార్థం 400 డిగ్రీలకే చేతులెత్తేస్తుంది.

స్టీలు డయాఫ్రం మీద స్పటరింగ్‌తో ఆక్సైడ్ పొర, దాని మీద నికెల్-క్రోమియం గేజి వేసిన థిన్ ఫిల్మ్ సెన్సార్ 200 డిగ్రీల లోపు పనులకు చవక, మొండిది కూడా. బాండెడ్ ఫాయిల్ గేజి అతికిస్తే ఎపాక్సీ-ఫినాలిక్ జిగురుతో 260 డిగ్రీల దాకా రావచ్చు. కానీ దీర్ఘకాలం వాడే సెన్సార్‌కు 200 దగ్గరే ఆగండి. జిగురు పాకుతుంది, సున్నా నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది.

4. వేగంగా మారే ఒత్తిడికి పీజో స్ఫటికాలు

ఒత్తిడి తగిలితే విద్యుత్ ఛార్జి పుట్టించే స్ఫటికాలివి. నిలకడగా ఉండే ఒత్తిడికి వీటిని వాడకండి, ఛార్జి కారిపోయి రీడింగ్ సున్నాకు వస్తుంది. అదురు, దహనం, పేలుడు లాంటివాటికే ఇవి.

పీజెడ్‌టీ (లెడ్ జిర్కొనేట్ టైటనేట్) సిరామిక్ సున్నితత్వంలో అన్నిటికంటే ముందుంటుంది, వేడి దగ్గర అన్నిటికంటే వెనక. దాని క్యూరీ ఉష్ణోగ్రత 350 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, అందులో సగం దాటనివ్వకండి. ఒకసారి క్యూరీ దాటితే ధ్రువీకరణ పోతుంది, చల్లార్చినా తిరిగి రాదు. బిస్మత్ టైటనేట్ రకాలకు క్యూరీ 650 పైమాటే, 480 డిగ్రీల దాకా వాడే సెన్సార్లు వీటితో చేస్తారు.

క్వార్ట్జ్ చాలా స్థిరమైనది. న్యూటన్‌కు 2.3 పికోకూలంబులు ఇస్తుంది. 573 డిగ్రీల దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారిపోతుంది. కానీ దాన్ని హద్దుగా తీసుకోవద్దు. గట్టిగా బిగించి ఉన్నప్పుడు 300 దాటాకే జంట స్ఫటికాలు ఏర్పడి కొంత భాగం వ్యతిరేక దిశలో ఛార్జి ఇస్తుంది. సున్నితత్వం ఉన్నట్టుండి తగ్గి మళ్లీ రాకపోతే కారణం చాలావరకు అదే.

గాలియం ఫాస్ఫేట్‌లో స్ఫటిక నిర్మాణ మార్పు 970 డిగ్రీల దగ్గర వస్తుంది, సున్నితత్వం క్వార్ట్జ్‌కు రెండింతలు. లాంగసైట్ 1,470 డిగ్రీల దగ్గర కరిగేదాకా నిర్మాణం మార్చుకోదు, వేడి మారినంత మాత్రాన ఛార్జి పుట్టించదు. కొత్తగా కట్టేవాళ్లకు మా ఓటు దీనికే. లిథియం నియోబేట్ క్యూరీ 1,140 డిగ్రీల పైనున్నా, గాలి చొరబడని డబ్బాలో వేడెక్కితే ఆక్సిజన్ వదిలేసి నల్లబడి విద్యుత్తు కారుస్తుంది. అందుకే దీన్ని 600 లోపే ఉంచండి.

5. డయాఫ్రం: లెక్క వేసి చూడండి

అంచు చుట్టూ బిగించిన గుండ్రటి డయాఫ్రంలో అత్యధిక ఒత్తిడిబలం (లోహం లోపల పుట్టే స్ట్రెస్) అంచు దగ్గర వస్తుంది:

ఒత్తిడిబలం = 0.75 × ఒత్తిడి × (వ్యాసార్థం ÷ మందం)²

ఉదాహరణకు 50 బార్, అంటే 5 మెగాపాస్కల్. వ్యాసార్థం 5 మిల్లీమీటర్లు, మందం 0.5. వ్యాసార్థాన్ని మందంతో భాగిస్తే 10, దాని వర్గం 100. అంచు దగ్గర 375 మెగాపాస్కల్ వస్తుంది.

ఇప్పుడు లోహాలను ఈ అంకె పక్కన పెట్టండి. ఎనీల్ చేసిన (వేడిచేసి మెత్తబరిచిన) 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలుకు గది ఉష్ణోగ్రతలోనే ఈల్డ్ బలం, అంటే శాశ్వతంగా వంగడం మొదలయ్యే హద్దు, 170 మెగాపాస్కల్ స్థాయిలో ఉంటుంది, వేడిలో ఇంకా తగ్గుతుంది. ఈ డయాఫ్రం మొదటి ఒత్తిడికే వంగిపోతుంది. 17-4 పీహెచ్ స్టీలు హెచ్900 స్థితిలో 1,170 ఇస్తుంది, కానీ 300 డిగ్రీల పైన ఎక్కువకాలం ఉంచితే పెళుసెక్కుతుంది. ఏజింగ్ చేసిన (వేడిలో మగ్గబెట్టి గట్టిపరిచిన) నికెల్ మిశ్రమం ఇంకోనెల్ 718కు గదిలో 1,030 చుట్టూ, 650 డిగ్రీల దగ్గర కూడా 850 స్థాయిలో బలం ఉంటుంది. ఈ పనికి సరిపోయేది ఇదే. పని ఒత్తిడి దగ్గర ఈల్డ్ బలంలో 40 శాతం దాటకుండా చూసుకుంటే రెండింతల ఒత్తిడి వచ్చినా తట్టుకుంటుంది.

డయాఫ్రం మధ్యలో వంపు ఈ కొలతలకు సుమారు 21 మైక్రాన్లు. మందంలో నాలుగు శాతమే కాబట్టి ఒత్తిడికి సమానంగానే వంగుతుంది. అయితే 718 స్థితిస్థాపకత గదిలో 200 గిగాపాస్కల్ ఉంటే 550 డిగ్రీల దగ్గర 170కి దిగుతుంది. అదే ఒత్తిడికి వంపు 25 మైక్రాన్లవుతుంది. ఏ లోపమూ లేకుండానే స్పాన్, అంటే సున్నా నుంచి పూర్తి ఒత్తిడి దాకా రీడింగ్ మారే మొత్తం, 17, 18 శాతం పెరిగిందన్నమాట. అందుకే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే క్యాలిబ్రేట్ చేసిన సెన్సార్ వేడిలో ఎక్కువ చూపిస్తుంది. డయాఫ్రం వెనకే ఒక ఉష్ణోగ్రత సెన్సార్ పెట్టి సవరించుకోవాలి.

బాలానగర్ లేత్ షాపుల్లో చేయిస్తుంటే టర్నర్‌కు ఈ సంగతులు స్పష్టంగా చెప్పండి. 718ను సొల్యూషన్ ఎనీల్ స్థితిలో కొని టర్నింగ్ చేయాలి, ఏజింగ్ ఆ తర్వాతే. కార్బైడ్ టిప్‌తో నిమిషానికి 25, 30 మీటర్ల వేగం చాలు. టూలు ఒకేచోట రుద్దుతూ ఆగితే పైపొర గట్టిపడి తర్వాతి కోత దెబ్బతింటుంది. డయాఫ్రం గోడను కలిసే మూలలో 0.3 మిల్లీమీటర్ల గుండ్రనం తప్పనిసరి. పదునైన మూల వదిలితే పగులు అక్కడే పుడుతుంది. వైర్ కట్ లేదా స్పార్క్ ఎరోజన్ చేసి ఉంటే పైన మిగిలిన కరిగి గట్టిపడ్డ పొరను పాలిష్ చేసి తీసేయండి. ఏజింగ్‌కు 720 డిగ్రీల దగ్గర 8 గంటలు, గంటకు 55 డిగ్రీల చొప్పున 620కి దించి మళ్లీ 8 గంటలు. వాక్యూమ్ ఫర్నేస్‌లో గానీ ఆర్గాన్‌లో గానీ చేయించండి, లేదంటే పల్చటి డయాఫ్రం మీద ఆక్సైడ్ పొర పడుతుంది.

రాడ్డు కొనేటప్పుడు మెటీరియల్ సర్టిఫికెట్ ఒక్కటే చూసి నమ్మేయకండి, లోహంలో ఏ మూలకం ఎంతుందో ఎక్స్‌రేతో చెప్పే పీఎంఐ గన్‌తో చూపించమనండి. 718లో నయోబియం 5 శాతం, మాలిబ్డినం 3 శాతం చుట్టూ ఉండాలి. మాలిబ్డినం 8, 9 చూపిస్తే అది 625 అయి ఉంటుంది, దానికి ఈ ఏజింగ్‌తో ఇంత బలం రాదు. 316లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం, అసలు లేకపోతే అది 304. ఎక్స్‌రే గన్ కార్బన్‌ను చూడలేదు కాబట్టి ‘ఎల్’ (తక్కువ కార్బన్) రకం అవునో కాదో దానితో తేలదు, స్పార్క్ స్పెక్ట్రోమీటర్ పరీక్ష చేయించాలి. కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ సంస్థ మిధాని ఈ తరగతి నికెల్ మిశ్రమాలను సూపర్ని పేరుతో తయారుచేస్తుంది. ఊళ్లోనే తయారవుతున్న లోహం కాబట్టి దిగుమతికి ముందు అక్కడ అడగడం మంచిది.

ఏ ద్రవమో కూడా చూసుకోండి. క్లోరైడ్ ఉన్న వేడి నీళ్లలో 316ఎల్ 60 డిగ్రీలు దాటితే ఒత్తిడి కింద చీలుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న రియాక్టర్‌కు హాస్టెలాయ్ సీ-276 లేదా టాంటలం. టాంటలం వెనకవైపుకు 300 డిగ్రీల పైన గాలి తగలనీయకండి, ఆక్సీకరణ చెందుతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దాన్ని తినేస్తుంది. గంధకం ఉన్న పొగ వాయువుల్లో నికెల్ మిశ్రమాలు 640 డిగ్రీల దగ్గర గంధకంతో కలిసి కరుగుతాయి.

6. అతుకుల దగ్గర వ్యాకోచం

డిగ్రీకి ఎన్ని మిలియనోవంతులు సాగుతుందో ఈ అంకెలు గుర్తుంచుకోండి: సిలికాన్ 2.6, బోరోసిలికేట్ గాజు 3.25, సిలికాన్ కార్బైడ్ 4, కోవార్ (ఇనుము-నికెల్-కోబాల్ట్ మిశ్రమం) 5.5, అల్యూమినా 7, ఇంకోనెల్ 718 13, 316ఎల్ 16.5.

మూడు మిల్లీమీటర్ల సిలికాన్ చిప్‌ను నేరుగా 316ఎల్ మీద అతికించి గది నుంచి 300 డిగ్రీలకు తీసుకెళ్తే రెండింటి మధ్య తేడా 11 మైక్రాన్లు దాటుతుంది. కోవార్ మీదైతే రెండున్నర మైక్రాన్ల లోపు, బోరోసిలికేట్ గాజు మీదైతే అర మైక్రాన్. చిప్ కింద గాజు, గాజు కింద కోవార్, కోవార్ కింద స్టీలు అని మెట్లు మెట్లుగా పేర్చేది ఇందుకే. కోవార్ మంచితనం 430 డిగ్రీల దాకానే, ఆపైన అది కూడా మామూలు లోహంలా సాగుతుంది.

718 డయాఫ్రంను 316ఎల్ బాడీకి వెల్డ్ చేస్తే వేడిలో బాడీ ఎక్కువ సాగి డయాఫ్రంను డప్పు తోలులా లాగుతుంది, సున్నా జరుగుతుంది. వీలైతే బాడీ, డయాఫ్రం ఒకే రాడ్డులోంచి తీయండి. వెల్డ్ తప్పదంటే లేజర్ లేదా ఎలక్ట్రాన్ బీమ్ చేయించి, వెల్డును డయాఫ్రం అంచు నుంచి కనీసం రెండు మూడు మిల్లీమీటర్లు దూరంగా ఉంచండి.

7. నింపే నూనె

డయాఫ్రం నుంచి ఒత్తిడిని వెనక్కి మోసే ద్రవం ఇది. మామూలు సిలికాన్ నూనె 200 డిగ్రీల వరకు, 704 రకం సిలికాన్ నూనె 300 వరకు. ఈ అంకెలు లైనులో పాజిటివ్ ఒత్తిడి ఉన్నప్పుడే. వాక్యూమ్ డ్రయర్ లాంటి చోట అదే నూనె చాలా తక్కువ వేడికే ఆవిరై డయాఫ్రంను బయటికి ఉబ్బిస్తుంది. వాక్యూమ్ లైనుకు కొంటున్నప్పుడు నూనెకు ఆ వేడి దగ్గర ఆవిరి పీడనం ఎంతో తయారీదారును అడిగి కాగితం మీద తీసుకోండి.

400 దాటితే సోడియం-పొటాషియం మిశ్రమం, నాక్. పొటాషియం 78 శాతం ఉన్న రకం మైనస్ 12 డిగ్రీల దాకా ద్రవంగానే ఉంటుంది, 785 దగ్గర మరుగుతుంది. సెన్సార్లలో 538 డిగ్రీల వరకు వాడతారు. నీళ్లు తగిలితే మండుతుంది, కానీ ఒక సెన్సార్‌లో ఉండేది చాలా కొద్ది పరిమాణమే. కరిగిన ప్లాస్టిక్ ఒత్తిడిని కొలిచే పాత మెల్ట్ సెన్సార్లలో పాదరసం ఉంటుంది. తిండి సరుకు ప్యాకింగు, మందుల ప్యాకింగు తీసే యంత్రాల మీద దాన్ని ఉంచకండి. డయాఫ్రం చిరిగిన రోజు ఆ పాదరసం సరుకులోకే పోతుంది.

8. టంకం, తీగ, ఇన్సులేషన్

63-37 టంకం 183 డిగ్రీలకు కరుగుతుంది, సీసం లేని సాధారణ టంకం 217కి. సీసం ఎక్కువున్న టంకం 296 దాకా ఆగుతుంది. బంగారం-తగరం 280కి కరుగుతుంది. ఆపైన టంకం మాట మరిచి బ్రేజింగ్ లేదా వెల్డింగ్. సిరామిక్‌కు లోహాన్ని కలపాలంటే వెండి-రాగి-టైటానియం బ్రేజ్, వాక్యూమ్‌లో. అల్యూమినియం ప్యాడ్ మీద బంగారు తీగ 150 దాటిన చోట వద్దు, రెండూ కలిసి ఊదారంగు పెళుసు మిశ్రమమై విరిగిపోతుంది.

పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) తొడుగు తీగ 260 డిగ్రీలకు ఆగుతుంది, ఫైబర్‌గ్లాస్ తొడుగు 450కి. లోపలి రాగికి వెండి పూత ఉంటే 200 దాకా, ఆపైన నికెల్ పూత. ఇంకా పైకి మినరల్ ఇన్సులేటెడ్ కేబుల్, అంటే ఇంకోనెల్ గొట్టంలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి తీగలు వేసినది. ఆ పొడి తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో కేబుల్‌ను కోసి చివర తెరిచి ఒక రాత్రి వదిలేస్తే పొద్దున్నే ఇన్సులేషన్ పడిపోయి కనిపిస్తుంది. కోసిన వెంటనే చివర సీలు చేయాలి. తేమ పడితే చివర నుంచి కొంత కోసేసి, మిగతాది సన్నని మంటతో మధ్య నుంచి చివరకు ఆరబెట్టాలి.

ఇన్సులేషన్ మీద ఎందుకింత పట్టు అంటే, లెక్క చూడండి. 350 ఓమ్‌ల గేజికి సమాంతరంగా 1 మెగాఓమ్ లీకేజీ ఉంటే నిరోధంలో 350 మిలియనోవంతుల తేడా వస్తుంది. గేజ్ ఫ్యాక్టర్ 2 అనుకుంటే అది 175 మైక్రోస్ట్రెయిన్‌తో సమానం. పైన లెక్కేసిన డయాఫ్రం అంచులో పూర్తి ఒత్తిడికి వచ్చేది సుమారు 1,700. అంటే ఒత్తిడి ఏమీ లేకుండానే పది శాతం తప్పు. 100 మెగాఓమ్‌లు ఉంటే ఆ తప్పు లెక్కలోకి రాదు. ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్ రీడింగ్ చల్లగా ఉన్నప్పుడు తీసి ఊరుకోకండి, వేడిలో తీయండి. 50 వోల్టులు దాటనివ్వకండి, 500 వోల్టుల మెగ్గర్ సన్నటి ఆక్సైడ్ పొరను తొలిచేస్తుంది. మెగ్గర్ పెట్టే ముందు ఎలక్ట్రానిక్స్ విప్పడం మరవద్దు.

9. బిగించడం

ఎక్స్‌ట్రూడర్ మెల్ట్ సెన్సార్లలో ఎక్కువ శాతం చనిపోయేది బిగించేటప్పుడూ విప్పేటప్పుడూనే. సగం అంగుళం, అంగుళానికి 20 మరల యూఎన్‌ఎఫ్ రంధ్రం, అడుగున 45 డిగ్రీల వాలు సీటు, ముందు 7.8 మిల్లీమీటర్ల మొన. కొత్తది పెట్టేముందు పాత ప్లాస్టిక్‌ను పూర్తిగా తీయాలి. టార్చి వేసి సీటు మీద నల్లటి మాడు లేకుండా చూడండి. వాలు సీటు మీద ఇసుక రేణువంత మాడు మిగిలినా మొన వంకరగా కూర్చుని ఒకవైపు కారుతుంది. మార్కింగ్ నీలం పూసిన కొలత ప్లగ్గును తిప్పి తీస్తే, ప్లగ్గు వాలు ముఖం చుట్టూ నీలం పూర్తి వలయంగా తుడుచుకుపోయి ఉండాలి. ఒకచోట తెగినా రీమర్‌తో మళ్లీ శుభ్రం చేయండి.

డయాఫ్రం బారెల్ లోపలి గోడకు సమానంగా, లేదా రవ్వంత లోపలికి. బయటికి పొడుచుకువస్తే స్క్రూ గీసేస్తుంది, ఎక్కువ లోపలికి ఉంటే ఆ గుంతలో ప్లాస్టిక్ మాడుతుంది. మరలు పట్టుకుపోకుండా వాటికి నికెల్ లేదా రాగి యాంటీ-సీజ్ పేస్టు పూయండి. మొనకు అంటనీయకండి. టార్క్ పానాతో 11, 12 న్యూటన్ మీటర్లు చాలు, ఎట్టి పరిస్థితిలోనూ 56 దాటకూడదు.

చల్లటి యంత్రాన్ని వేడిచేసి, ప్లాస్టిక్ లోపలిదాకా కరిగిందని తేలాకే స్క్రూ తిప్పండి. హీటర్ అంకె చేరగానే తిప్పితే మొన ముందున్న గడ్డ డయాఫ్రంను చింపేస్తుంది. విప్పేది కూడా వేడిమీదే. చల్లారాక లాగితే డయాఫ్రం ప్లాస్టిక్‌కు అంటుకుని ఊడొస్తుంది. విప్పగానే మెత్తటి గుడ్డతో తుడవండి, ఇనుప బ్రష్షూ స్క్రూడ్రైవరూ దగ్గరికి రానీయకండి.

మిగతా చోట్ల సీలు సంగతి: స్టీమ్‌కు ఎఫ్‌కేఎం రబ్బరు పనికిరాదు, 150 లోపు ఈపీడీఎం. పీటీఎఫ్ఈ వాషర్ 200 దాటితే పిండినట్టు బయటికి పాకుతుంది. గ్రాఫైట్ గాలిలో 450 వరకు. ఎనీల్ చేసిన రాగి వాషర్ ఒకసారికే.

10. వేడిలో పరీక్ష

సెన్సార్ మొనను వేడిచేసే స్టీలు దిమ్మలో బిగించి, నైట్రోజన్ సిలిండర్ నుంచి రెగ్యులేటర్ ద్వారా ఒత్తిడి ఇవ్వండి. ప్రమాణ గేజిని పొడవాటి ట్యూబు చివర చల్లటి చోట ఉంచండి. ముందు గదిలో, తర్వాత 100, 200, 300 డిగ్రీల దగ్గర. ఒక్కోచోట కనీసం అరగంట ఆగి, రీడింగ్ కదలడం మానాక పూర్తి ఒత్తిడిలో 0, 25, 50, 75, 100 శాతం దగ్గర ఎక్కుతూ, మళ్లీ దిగుతూ రాసుకోండి. ఆఖరున గదికి దించి సున్నా చూడండి. మొదటి సున్నాకీ దీనికీ తేడా ఉంటే ఏదో అతుకు జరిగిందన్నమాట. కొత్త సెన్సార్‌ను పని ఉష్ణోగ్రత కంటే 25 డిగ్రీలు పైన రెండు రోజులు మగ్గబెట్టి, తర్వాత మళ్లీ పరీక్షిస్తే ఈ తొలి జరుగుడు చాలావరకు తీరిపోతుంది. ఆ అదనపు 25 డిగ్రీలు టంకం, నూనె, తొడుగు హద్దుల లోపలే ఉన్నాయో లేదో చూసుకున్నాకే మగ్గబెట్టండి.

వందల బార్ గ్యాస్ ఒత్తిడి నింపి పరీక్షించే పని మాత్రం ఒంటరిగా, అడ్డుతెర లేకుండా చేయొద్దు. వీలైనచోట నూనెతో ఒత్తిడి ఇచ్చే డెడ్‌వెయిట్ టెస్టర్ వాడండి. ఆ నూనె వేడి మొనను తాకకుండా మధ్యలో చల్లటి గొట్టం ఉండాలి. బయట క్యాలిబ్రేషన్‌కు పంపితే ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఏ ఉష్ణోగ్రతకు ఉందో అడగండి. చాలా ల్యాబులు గది ఉష్ణోగ్రతకే సర్టిఫికెట్ ఇస్తాయి.

11. పోయిన సెన్సార్‌ను చదవడం

వేడెక్కేకొద్దీ సున్నా పెరిగి చల్లారితే వెనక్కి వస్తే వ్యాకోచం తేడా లేదా లీకేజీ. వెనక్కి రాకపోతే జిగురు పాకింది, లేదా డయాఫ్రం వంగింది. ఒత్తిడి మార్చినా అంకె బద్ధకంగా కదిలితే నూనె కారిపోయింది లేదా మొన ముందు మాడు పేరుకుంది. వానాకాలంలో మాత్రమే పిచ్చిగా చూపిస్తే కేబుల్ చివర తేమ. యంత్రం అదిరినప్పుడల్లా అంకె ఎగిరిపడితే టంకం పగిలింది. స్పాన్ ఒక్కటే ఎక్కువై సున్నా బాగుంటే సెన్సార్ చెడలేదు, వేడి సవరణ సరిగా లేదు.

డయాఫ్రంను పది రెట్ల భూతద్దం కింద చూడండి. అంచు వెంబడి సన్నటి వంపు పగులు ఉంటే అలసట, మూల గుండ్రనం చాలలేదు. మధ్యలో గిన్నెలా గుంత ఉంటే అధిక ఒత్తిడి లేదా చల్లగా ఉండగానే యంత్రం తిప్పడం. కొమ్మల్లా చీలిన పగుళ్లు క్లోరైడ్ పని. ఒకవైపు మాత్రమే గీతలుంటే ఇనుప బ్రష్షు.

చూడటానికని నాక్ నింపిన సెన్సార్‌ను గ్రైండర్‌తో కోయకండి. పాదరసం ఉన్నదాన్ని పాత సామాను వాళ్లకు ఇవ్వకండి. లేబుల్ మీద ఏ ద్రవమో లేకపోతే తయారీదారుకు సీరియల్ నంబరు పంపి తెలుసుకోండి. పాదరసమని తేలితే మొనకు మూత పెట్టి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో రెండు పొరలుగా మూసి, ప్రమాదకర వ్యర్థాల సేకరణకు అధికారిక అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించి రసీదు తీసుకోండి.